తుప్పు పని

పొద్దుట ఎనిమిదికి సైరన్ మోగితే
డ్రైడాక్‌లో ఓడ పొట్ట కింద నిలబడతాను.
చేతిలో చిప్పింగ్ సుత్తి, ముక్కుకి తడిగుడ్డ.
సముద్రం తిని వదిలేసిన ఇనుము
ఎక్కడ కొట్టినా పొరలుగా రాలుతుంది,
పాకం మాడిన గిన్నె గోకినట్టు.

చేరిన కొత్తల్లోనే మేస్త్రీ అప్పలస్వామి చెప్పాడు:
"అవుపడ్డ తుప్పుకేటి బయం?
అతుకుల్లో దాక్కున్నదాన్ని సూడు.
సెయ్యి దూరని సోటే అది కాపరమెట్టేస్తాది."

ఆ మాట ఓడలకి పనికొచ్చింది.
నా నోటికి పనికిరాలేదు.

ఓవర్‌టైం చేసిన రాత్రుళ్ళు
సింధియా జంక్షన్లో చిక్కటి టీ,
పంచదార ఇంకో చెంచా వేయించుకుని తాగి
ఇంటికొచ్చి అలాగే పడిపోయేవాణ్ణి.
తెల్లారి వేపపుల్ల నమిలితే చాలనుకున్నాను.
ముందుపళ్ళు తళతళమనేవి, ఫోటోకి పనికొచ్చేవి.
వెనక దవడలో, నాలుక తిరగని మూల
ఎవరో సన్నగా సుత్తి ఆడించడం మొదలెట్టారు.
చల్లనీళ్ళకి జివ్వుమంది. లవంగం పెట్టాను.
వేడి టీకి జివ్వుమంది. మళ్ళీ లవంగం.
ఆఖరికి పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ
పీకి ట్రేలో పడేసింది, టంగుమని.
నడిమధ్యన నల్లటి గుంట.
తుప్పు పనివాణ్ణి కదా,
చూడగానే పోల్చుకున్నాను.

మా వైపు పంట్లో చిల్లునీ గుంటే అంటాం,
ఆడపిల్లనీ గుంటే అంటాం.
రెండూ ఒకే ఏడాది నా బతుకులోకి వచ్చాయి.
ఒకదాన్ని పీకించేసుకున్నాను.
ఇంకోదాని పళ్ళు తోముతున్నాను.

రాత్రి అన్నాలయ్యాక
మల్కాపురం మేడమీద, కుళాయి గట్టు దగ్గర
నేనూ హేమశ్రీ పక్కపక్కన నిలబడతాం.
పేస్టు బఠానీ గింజంత.
"ఇంకొంచెం నాన్నా, తియ్యగుంది."
"తియ్యగుంది కాబట్టే ఇంకొంచెం లేదు."
కుచ్చు విచ్చుకున్న బ్రష్ బుట్టలోకి.
రంగులేసేవాడికి ఆ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు.
నేర్చుకోవలసి వచ్చిందల్లా బలం తగ్గించడమే.
ఓడని కొట్టాలి, పంటిని బుజ్జగించాలి.
చిగురు అంచున చిన్నచిన్న సున్నాలు,
ఆ తర్వాత వెనక్కి,
అప్పలస్వామి చెప్పిన చోటికి.

ఎదురుగా డాల్ఫిన్ నోస్ కొండ.
లైట్‌హౌస్ వెలుగు వచ్చి పోతుంటుంది.
వచ్చిన ప్రతిసారీ ఒక పన్ను.
ఇరవై పాలపళ్ళకి ఇరవై వెలుగులు.
వాన కమ్మేసిన రాత్రి నేనే లెక్కపెట్టాలి.
నోటినిండా నురగతో పదమూడు అనబోతే
అది ఇంకేదో అయి,
గుంట పకపకా నవ్వి నా చొక్కా తెల్లగా చేస్తుంది.

అనకాపల్లి నుంచి మా అత్త బంగారమ్మ వచ్చిందంటే
సంచిలో బెల్లం జీళ్ళు ఉన్నట్టే.
పడుకోబోయే పిల్ల బుగ్గలో ఒకటి దూరుస్తుంది.
"పాలపళ్ళే కదేటి, ఊడిపోయేవే కదా, తిననీ."
"ప్రైమర్ పాడైతే పైరంగు నిలబడదత్తా" అన్నాను.
ఆవిడకి ప్రైమర్ తెలీదు.
పొయ్యి మీద పాలు పొంగాయి, మాట అక్కడే ఆగింది.
మర్నాటి నుంచి మాత్రం జీళ్ళు అన్నంతోపాటే వచ్చాయి,
వెనకే ఒక గ్లాసు నీళ్ళు.

మొన్న జామకాయ కొరుకుతుంటే
కింది వరసలో ముందుపన్ను ఊడొచ్చింది.
అరచేతిలో వేసుకుని, బల్బు కింద
ఇన్‌స్పెక్టరు వెల్డింగు చూసినట్టు
తిప్పి తిప్పి చూశాను.
ఎక్కడా మచ్చ లేదు.
కాగితం ఉంటే సంతకం పెట్టేవాణ్ణి.

ఆ రాత్రి కుళాయి దగ్గర అడిగింది:
"ఇవాళ పంతొమ్మిదేనా?"
"కాదు. ఖాళీకీ ఒక వెలుగు.
లోపల ఇంకోటి దారి వెతుక్కుంటోంది."

బ్రష్ నోట్లోనే ఉంచుకుని కాసేపు ఆలోచించింది.
మునివేళ్ళ మీద లేచి నా నోట్లోకి తొంగిచూసి
వెనక దవడ కేసి వేలు చూపించింది.
"మరి నీ ఖాళీలో?"

కొండ మీద వెలుగు వచ్చింది.
పోయింది.
నేను నురగ ఉమ్మేసి
దాని పక్క పన్ను తోమడం మొదలుపెట్టాను.